నివురు నేర్పిన వంట

పొయ్యి ఆరిన తర్వాత మొదలయ్యే వంట ఒకటి ఉండేది. నంద్యాల దగ్గర గడివేముల వైపు పల్లెల్లో పత్తి ఏరడం అయిపోయాక పీకిన పత్తికట్టె, కంది కొట్టాక మిగిలిన కందికట్టె ఏడాది పొడుగునా పొయ్యిలోకి వచ్చేవి. రెండూ చురుగ్గా మండి తొందరగా నిప్పులైపోతాయి. రాత్రి సంగటి కెలికి దించాక మా అవ్వ మండే కట్టెలను వెనక్కి లాగి నీళ్లు చల్లి ఆర్పేది. మిగిలిన నిప్పులను పుల్లతో చదును చేసి, పైన బూడిద కప్పి, అందులో నాలుగైదు గెనుసుగడ్డలు పూడ్చేది. మేము పుల్ల పట్టుకుని చుట్టూ చేరితే ఒకటే మాట: "కెలకాకురా, ఆవిరి పోతాది." అన్నాలు తిని, గిన్నెలు కడిగి, పరుపులు పరిచేదాకా అవి అక్కడే ఉండేవి. తీసి చేతుల మధ్య ఎగరేస్తూ బూడిద దులిపితే, తొక్క లోపలి కండను వదిలేసి వదులు చొక్కాలా వేలాడేది. తొక్క చిట్లిన చోట పాకం కారి నల్లగా పూసలా గట్టిపడి ఉండేది. ఆ పూస కోసమే పిల్లలం కొట్టుకునేవాళ్లం.

ఉప్పు లేదు, నూనె లేదు, పోపు లేదు. అంత తక్కువ పనితో అంత రుచి వచ్చే వంట మన ఇళ్లలో మరొకటి నాకు తెలియదు. అయినా భోజనం పళ్లెంలో దీనికి చోటు దొరకలేదు. శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టిన గడ్డగానో, సంక్రాంతి దప్పళంలో నాలుగు ముక్కలుగానో, చలికాలం సాయంత్రం పిల్లల చిరుతిండిగానో మిగిలిపోయింది. పెళ్లిళ్లలో, విందుల్లో ఆలుగడ్డ వేపుడు ఉంటుంది, గెనుసుగడ్డ ఉండదు. మరోవైపు జపాన్‌లో, అమెరికాలో, ఢిల్లీ వీధుల్లో ఇదే గడ్డను కాల్చి గొప్పగా వడ్డిస్తున్నారు. కాల్చడం వల్ల ఈ గడ్డలో నిజంగా ఏం జరుగుతుంది, మనం ఎందుకు వదిలేశాం, గ్యాస్ పొయ్యి మీద దాన్ని ఎలా తిరిగి తెచ్చుకోవచ్చు, జొన్నరొట్టె పక్కన అది నిలబడుతుందా, చక్కెర జబ్బు ఉన్నవాళ్ల మాటేమిటి? ఈ ప్రశ్నలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి ఒక్కచోటే మాట్లాడుకోవాలి.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే తెలుగువాళ్లం ఈ గడ్డ విషయంలో ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా ఉన్నాం. రాయలసీమలో గెనుసుగడ్డ, పక్కన కన్నడంలో గెణసు. కోస్తాలో చిలగడదుంప. తెలంగాణలో కందగడ్డ, మోరంగడ్డ, కొన్నిచోట్ల రత్నపురి గడ్డ. ఇందులో కందగడ్డ అన్న పేరుతో వచ్చే చిక్కు పెద్దది. కోస్తావాళ్లకు కంద అంటే నోరు దురదపెట్టే వేరే దుంప. కంద బచ్చలి కూర వండుకునేది దానితోనే. హైదరాబాద్‌లో కాపురం పెట్టిన కోస్తా కోడలు "కందగడ్డ తెండి" అంటే ఇంటికి చిలగడదుంప రావడం మామూలే. అమెరికాలోనూ ఇలాంటి తికమకే ఉంది. అక్కడ నారింజ రంగు గెనుసుగడ్డను అంగళ్లలో 'యామ్' అని పిలుస్తారు. అసలు యామ్ పెండలం జాతిది, దీనికి ఏ చుట్టరికమూ లేదు.

ఆలుగడ్డతో చుట్టరికం కూడా లేదు. ఆలుగడ్డ వంకాయ, టమాటా, మిరపల కుటుంబం. గెనుసుగడ్డ చెరువుల్లో పాకే తూటికూర, కాలవ గట్ల మీద విరగబూసే లొట్టపీసుల కుటుంబం. లొట్టపీసు పువ్వునూ, గెనుసుతీగ పువ్వునూ పక్కపక్కన పెట్టి చూస్తే చెల్లెలూ అక్కా అని ఎవరైనా చెప్తారు. ఆలుగడ్డ నేలలో ఊరిన కాండం, గెనుసుగడ్డ ఊరిన వేరు. ఇది పుస్తకాల తేడాలాగా కనబడుతుంది కానీ వంటింట్లో కూడా తేడానే. ఆలుగడ్డను ఎంతసేపు కాల్చినా తియ్యబడదు. గెనుసుగడ్డ కాలుతున్నకొద్దీ తియ్యబడుతుంది. దాని లోపల అందుకు కావలసిన సరంజామా పుట్టుకతోనే ఉంది.

ఆ సరంజామా సంగతికి వచ్చే ముందు, అది ఈ నేలకు ఎక్కడిదో ఒక మాట. గెనుసుగడ్డ పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాలు. యూరప్ ఓడలు పసిఫిక్ సముద్రాన్ని దాటకముందే అక్కడి దీవుల వాళ్లు దాన్ని సంపాదించి 'కుమర' అని పేరు పెట్టుకుని, నేలలో గొయ్యి తీసి కాల్చిన రాళ్ల మీద ఆకుల మధ్య మగ్గబెట్టి తినేవాళ్లు. మనకు వచ్చింది మాత్రం 16వ శతాబ్దంలో, పోర్చుగీసు ఓడల్లో. మిరపకాయ అలాగే వచ్చింది. చెనిక్కాయ పుట్టిల్లూ ఆ ఖండమే. జొన్న అంతకు వేల ఏళ్ల ముందే ఆఫ్రికా నుంచి వచ్చింది. అంటే నంద్యాల వైపు ఇంట్లో జొన్నరొట్టె, ఎర్రకారం, చెనిక్కాయల పొడి, కాల్చిన గెనుసుగడ్డ ఒక పళ్లెంలో పెడితే అందులో ప్రతిదీ సముద్రం దాటి వచ్చిందే. అయినా అంతకంటే సీమ భోజనం ఏముంది? ఇది మన పద్ధతి కాదని గెనుసుగడ్డను పళ్లెంలోకి రానివ్వని వాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

గడివేముల మండలంలో గెనుసుగడ్డ పెద్ద పంట కాదు, అందుకు కారణం కాళ్ల కింద ఉంది. అక్కడ ఎక్కువ భాగం నల్లరేగడి. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టి తవ్విన కర్నూలు–కడప కాలువ, మనవాళ్లు కేసీ కెనాల్ అనేది, ఈ నేలలకు వరి ఇచ్చింది. నీళ్లు అందని చోట పత్తి, జొన్న, కంది, పప్పుశనగ. 1906 నుంచి నంద్యాలలో ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం పేరు తలచుకుంటే గుర్తొచ్చేవీ ఆ పంటలే. గెనుసుతీగకు గుల్లగా ఉండే ఇసుక నేల కావాలి. రేగడిలో నాటితే గడ్డ ఊరడానికి చోటు లేక వంకర్లు తిరుగుతుంది, తవ్వేటప్పుడు మట్టి పట్టుకుని వదలదు. తీగలు మాత్రం ఏపుగా పాకుతాయి, గేదెలకు మంచి మేత. అందుకే కొండవాలు ఎర్రనేలల్లో, వంకల పక్క ఇసుక మడుల్లో ఇంటికోసం వేసుకున్నవాళ్లే తప్ప ఎకరాలకు ఎకరాలు వేసినవాళ్లు తక్కువ. ఊళ్లోకి గడ్డలు నంద్యాల మార్కెట్ నుంచి సంచుల్లో వచ్చేవి, సంక్రాంతి దగ్గర మొదలై శివరాత్రికి అంగళ్ల ముందు కుప్పలయ్యేవి.

శివరాత్రే దాని పండుగ. మహానందిలో ఉత్సవాలు, నల్లమల అడవిలో శ్రీశైలానికి నడిచిపోయే శివస్వాముల గుంపులు, ఊళ్లో జాగారాలు. ఆ రోజు అన్నం ముట్టనివాళ్లకు గెనుసుగడ్డే కడుపు నింపాలి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి కావాలి కాబట్టి పెద్ద గుండిగలో నీళ్లు పోసి ఉడకబెట్టేవాళ్లు, తర్వాత కుక్కర్లు వచ్చాయి. అలా మూడు తరాలుగా గెనుసుగడ్డ అంటే ఉపవాసం, ఉపవాసం అంటే ఉడకబెట్టడం అన్న ముడి పడిపోయింది. దేవుడి కోసం నాలుక కట్టుకున్న రోజు తినే తిండిని, విందు రోజు నాలుక కోరుకోదు కదా. ఈ గడ్డకు పళ్లెంలో చోటు దొరక్కపోవడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇది.

రెండో కారణం నిప్పు పోవడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. గ్యాస్ ఇంటింటికీ చేరింది. దీని గురించి నాకు ఏ బాధా లేదు. కట్టెల పొగకు కళ్లు మండి, ఊపిరి ఆడక దగ్గుతూ వండిన ఆడవాళ్లను చూసి పెరిగినవాణ్ణి. ఆ పొయ్యి మళ్లీ రావాలని కోరుకోను, ఇంకొకరు కోరుకుంటే ఒప్పుకోను. పొయ్యితో పాటు నివురు కూడా పోయింది, అంతే. గ్యాస్ పొయ్యికి మంట ఉంది కానీ, ఆరిన తర్వాత మిగిలే వేడి లేదు. నివురుగప్పిన నిప్పు అని మనం కోపాన్నీ, తిరుగుబాటునూ పోల్చి చెప్తాం. ఆ మాట అన్నవాళ్లు పొయ్యి దగ్గర కూర్చుని చూసి అన్నారు. బూడిద నిప్పుకు గాలి తగలనివ్వదు, వేడిని బయటికి పోనివ్వదు. మంట లేదు, వేడి మాత్రం గంటలకొద్దీ ఉంటుంది. గెనుసుగడ్డకు కావలసింది సరిగ్గా అదే.

ఎందుకో చెప్పాలంటే గడ్డ లోపలికి వెళ్లాలి. పచ్చి గెనుసుగడ్డలో ఎక్కువ భాగం నీరు, ఆ తర్వాత పిండి. కొద్దిగా చక్కెర కూడా ఉంటుంది కాబట్టే పచ్చిది కొరికినా తీపి తగులుతుంది. దాంతో పాటు బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఈ గడ్డలో సమృద్ధిగా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు పిండి రేణువులు బిగుసుకుని ఉంటాయి, ఎంజైమ్‌కు లొంగవు. వేడి తగిలి రేణువులు నీరు పీల్చి ఉబ్బినప్పుడు దానికి పని దొరుకుతుంది. పిండి గొలుసులను చివరల నుంచి రెండేసి లంకెల చొప్పున తెంపుతూ పోతుంది. తెగిన ప్రతి ముక్కా మాల్టోస్ అనే చక్కెర. మొలకెత్తించిన రాగులను ఎండబెట్టి మాల్ట్ చేసినప్పుడు వచ్చే కమ్మటి తీపి ఈ చక్కెరదే.

ఈ పనికి సమయం తక్కువ. సుమారు 57 డిగ్రీల దగ్గర జోరందుకుని 77 డిగ్రీలు దాటేసరికి వేడికి ఎంజైమే చచ్చిపోతుంది. అంటే గడ్డ నడిమధ్య ఆ 20 డిగ్రీల మెట్టు మీద ఎంతసేపు నిలబడితే అంత తీపి. మైక్రోవేవ్‌లో పెడితే రెండు మూడు నిమిషాల్లో ఆ మెట్టు దాటిపోతుంది, గడ్డ ఉడుకుతుంది కానీ చప్పగా పిండిపిండిగా ఉంటుంది. కుక్కర్‌లో ముక్కలు కోసి వేసినా దాదాపు అంతే. నివురులో లావుపాటి గడ్డ అయితే లోపలిదాకా వేడెక్కడానికే అరగంట పైన పడుతుంది. అంతసేపూ లోపల తీపి తయారవుతూనే ఉంటుంది. "కెలకాకురా" అన్న మాటకు అర్థం ఇప్పుడు నాకు డిగ్రీల లెక్కలో తెలుస్తోంది. అవ్వకు ఆ లెక్క అవసరం లేకపోయింది.

తీపి ఒక్కటే అయితే నీళ్లలో మెల్లగా ఉడికించినా సగం పని జరిగేది. కాల్చడంలో ఇంకో రెండు జరుగుతాయి. లోపలి నీరు ఆవిరై పోతుంది కాబట్టి ఉన్న తీపి చిక్కబడుతుంది. నీళ్లలో ఉడికినప్పుడు వేడి 100 డిగ్రీలు దాటదు, కాల్చినప్పుడు తొక్క దగ్గర దాటుతుంది, అక్కడ చక్కెర ఎర్రబారి వాసన పుడుతుంది. వీధి చివర కాలుతున్నా ముక్కుకు తెలిసే వాసన అదే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో నారింజ రంగు గెనుసుగడ్డకు 100 గ్రాముల పచ్చిదానిలో చక్కెర సుమారు 4.2 గ్రాములు, ఓవెన్‌లో కాల్చినదానిలో సుమారు 6.5 గ్రాములు. ఎవరూ ఒక్క చెంచా చక్కెర కూడా వేయలేదు.

దీన్ని అందరికంటే శ్రద్ధగా పట్టించుకున్నవాళ్లు జపాన్ వాళ్లు. 17వ శతాబ్దం మొదట్లో చైనా నుంచి ఒకినావా దీవులకు, అక్కణ్ణుంచి సత్సుమా ప్రాంతానికి చేరి, ఆ ప్రాంతం పేరుతోనే సత్సుమా ఇమో అయింది. 1730ల్లో కరువు తర్వాత అయోకి కొన్యో అనే పండితుడు ఇప్పటి టోక్యో పరిసరాల్లో దాని సాగు మొదలుపెట్టించాడు. కాల్చిన గడ్డలమ్మే అంగళ్లు వెలిశాయి. అక్కడ ఒక మాటల చమత్కారం ఉంది. చెస్ట్‌నట్‌ను 'కురి' అంటారు, 'కు' అంటే తొమ్మిది, 'రి' దూరం కొలత. 'యోరి' అంటే కంటే అని, నాలుగు రి అని కూడా. తొమ్మిది, నాలుగు కలిపితే పదమూడు. అందుకని గెనుసుగడ్డను 'పదమూడు రి' అని పిలుచుకున్నారు, చెస్ట్‌నట్ కంటే రుచి అని. ఇప్పటికీ అక్కడ బండ్ల మీద వేడెక్కిన గులకరాళ్ల మధ్య గడ్డలను పెట్టి, గంటసేపు తొందర పడకుండా కాలుస్తారు. మన బొరుగుల బట్టీల్లో ఇసుక చేసే పనే అక్కడ గులకరాళ్లు చేస్తాయి. ఉత్తరాదిలో చలికాలం రాగానే బొగ్గుల మీద శకర్‌కందీ కాల్చి, ముక్కలు కోసి, మసాలా చల్లి నిమ్మకాయ పిండి దొన్నెలో ఇస్తారు. పుల్లటి తోడు కావాలని వాళ్లు కనిపెట్టడం చిన్న సంగతి కాదు. అమెరికాలో నవంబరు నెల థాంక్స్‌గివింగ్ విందుకు మాత్రం దీని మీద ఇంకా చక్కెర, మార్ష్‌మాలో మిఠాయిలు పరిచి కాలుస్తారు. తియ్యటిదాన్ని తియ్యటిదానితో కప్పడం నాకు నచ్చని పద్ధతి. అక్కడ స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపు పడినప్పుడు దానికి ప్రాణం వస్తుంది.

ఇక మన వంటింట్లో ఏం చేయాలి. ఓవెన్ లేనివాళ్లే ఎక్కువ కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. నేను నివురుకు బదులు పెట్టుకున్నది పాత ఇనుప కడాయి, రెండు కిలోల గళ్లుప్పు. ఉప్పు లేకపోతే జల్లించి కడిగి ఎండబెట్టిన ఇసుక. కడాయిలో రెండు వేళ్ల మందాన ఉప్పు పోసి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, మంట బాగా తగ్గించి, కడిగి తడి లేకుండా తుడిచిన గడ్డలను ఉప్పులో సగం మునిగేలా పెట్టి బరువైన మూత వేస్తాను. అరగంటకు ఒకసారి తిరగేయడం, అంతే. మణికట్టు లావు గడ్డ గంట నుంచి గంటంబావులో అవుతుంది. తొక్క మీద ఉప్పు దులిపేస్తే పోతుంది, ఆ ఉప్పును చల్లార్చి డబ్బాలో పోసి మళ్లీ మళ్లీ ఇదే పనికి వాడుకోవచ్చు. అడుగు మందంగా లేని గిన్నెలో, నాన్‌స్టిక్‌లో ఈ పని చేయకూడదు.

ఒక రోజు ఒకే గడ్డను నిలువుగా రెండుగా కోయకుండా, ఒకే సంచిలోంచి ఒకే సైజువి రెండు తీసి ఒకటి కుక్కర్‌లో, ఒకటి ఉప్పులో పెట్టాను. కుక్కర్‌ది మూడు విజిల్స్‌కు అయిపోయింది. కోస్తే లేతగా తెల్లగా, అంచుల దగ్గర నీరు ఊరి ఉంది. ఉప్పులోది గంటకు పైన తీసుకుంది. ముందు తొక్క బిగువు తగ్గింది, తర్వాత ముడతలు పడింది, చివర కొస దగ్గర సన్నగా చిట్లి ఒక చుక్క పాకం బుడగలా ఉబ్బి పగిలి నల్లబడింది. చేతిలోకి తీసుకుంటే పచ్చిదాని కంటే తేలిగ్గా ఉంది. విరిస్తే లోపల తెలుపు పోయి తేనెపట్టు మైనం రంగు వచ్చింది. రెండూ కళ్లు మూసి తినిపిస్తే మా ఇంట్లో చిన్నపిల్ల రెండోది వేరే కాయ అంది.

భోజనంలోకి నంజుకోవడానికైతే గడ్డ మొత్తంగా కాక చక్రాలుగా కాల్చుకోవడం మేలు. తొక్క తీయకుండా చిటికెనవేలు మందాన చక్రాలు కోసి, చెంచాడు చెనిక్కాయ నూనె, ఉప్పు పట్టించి, ఇనుప పెనం మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు, తిరగేసి మూత తీసి మరో ఎనిమిది నిమిషాలు. మూత ఉన్నంతసేపూ లోపల మెత్తబడి తియ్యబడుతుంది, మూత తీశాక అంచు ఎర్రబారుతుంది. ముక్కలను కుప్పగా పోస్తే వాటి ఆవిరికి అవే ఉడికిపోతాయి, ఎంత పెద్ద మంట పెట్టినా వేగవు. చాలామందికి వేపుడు ముద్దయ్యేది ఇక్కడే. ఓవెన్ ఉన్నవాళ్లు ఇవే ముక్కలను 200 డిగ్రీల దగ్గర అరగంట పెట్టుకోవచ్చు. మొత్తం గడ్డ అయితే 180 డిగ్రీలకు గంట పైన, ముందుగా వేడి చేయకుండా చల్లటి ఓవెన్‌లోనే పెట్టేస్తే ఇంకా తీపి. రేకు చుట్టొద్దు, చుడితే అది కాల్చడం కాదు, ఆవిరి పట్టడం. ఎయిర్ ఫ్రయ్యర్‌లో ముక్కలు బాగా వస్తాయి, మొత్తం గడ్డ తొక్క ఎండి లోపల వెనకబడుతుంది. ఎర్రబడటం వరకే చాలు, నల్లగా మాడ్చడం రుచికీ ఒంటికీ మంచిది కాదు.

గడ్డ ఎంచుకోవడంలోనే సగం ఉంది. పెద్దవి చూడటానికి బాగుంటాయి కానీ పీచు ఎక్కువ, లోపల ఒకేలా కాలవు. మణికట్టు లావు, రెండు కొసలూ సన్నం, తొక్క బిగువు చూసుకోవాలి. సూది మొన లాంటి చిల్లులుంటే మూతిపురుగు పట్టిందని అర్థం. పురుగు తొలిచిన గడ్డ తనను కాపాడుకోవడానికి ఒక చేదు పదార్థాన్ని పుట్టించుకుంటుంది. ఎంత కాల్చినా ఆ చేదు పోదు, కోసి మంచి భాగం తిందామన్నా కుదరదు, పారేయాలి. తవ్విన రోజే తెచ్చిన గడ్డ కంటే వారం పది రోజులు గాలి తగిలే చోట నీడన ఉంచిన గడ్డ తియ్యగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి నడిమధ్య గట్టిపడి, తర్వాత ఎంత వండినా అక్కడ మెత్తబడదు.

మన మార్కెట్లో దొరికేవి ఎక్కువగా ఎర్ర తొక్క, తెల్ల కండ. పిండిగా, చేతిలో రాలేలా ఉంటాయి. నివురుకూ ఉప్పుకూ ఇవే నాకు ఇష్టం. తిరువనంతపురంలో 1963లో పెట్టిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కొత్త రకాలు తెచ్చింది. అందులో భూ సోనా నారింజ కండ, 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. మామూలు రకాల్లో ఇది రెండు మూడు మిల్లీగ్రాములే. భూ కృష్ణ ఊదా కండ, నేరేడుపండు రంగునిచ్చే ఆంథోసయనిన్లు దాని సొత్తు. బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఏ అవుతుంది. పిల్లల కంటిచూపుకు అదెంత అవసరమో చెప్పనక్కర్లేదు. ఆఫ్రికాలో నారింజ గెనుసుగడ్డను పల్లెపల్లెకూ చేర్చినందుకే మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లోలకు, పంటల్లోనే పోషకాలు పెంచే దారి వేసిన హోవర్త్ బూయీతో కలిపి, 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె తోడుండాలి. అలాంటప్పుడు పెనం మీది చెనిక్కాయ నూనె రుచికే కాక దీనికీ పనికొస్తుంది. ఈ గడ్డలు మన అంగన్‌వాడీల పళ్లెంలోకి, నంద్యాల మార్కెట్లోకి మామూలు ధరకు రావాలని నా ఆశ. ముందు ఇసుక నేలలున్న ఊళ్లలో తీగ ముక్కలు దొరకాలి. విత్తనం కొనే పని లేదు, జానెడు తీగ ముక్క నాటితే మూడు నాలుగు నెలల్లో గడ్డ.

పళ్లెంలో దీన్ని దేనితో కలపాలి అన్న దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. తీపిని తీపిగా వదిలేస్తే అది చిరుతిండి, కారం పులుపు తగిలితే భోజనం. ఇది మనకు కొత్త కాదు. భక్ష్యాలు చేసిన రోజు పూర్ణానికి పప్పు ఉడికిన నీళ్లతోనే పుల్లగా ఘాటుగా చారు పెట్టుకుంటాం కదా. పెనం మీద కాల్చిన చక్రాల మీద వెల్లుల్లి, ఎండుమిరప, ఉప్పు కలిపి దంచిన కారం చల్లి, నిమ్మకాయ పిండి, జొన్నరొట్టెలో తుంచుకుని తింటే రొట్టె గరుకుదనానికి గడ్డ మెత్తదనం సరిపోతుంది. చెనిక్కాయల పొడి ఇంకా బాగుంటుంది. పండుమిరప పచ్చడి ఉంటే మరేదీ అక్కర్లేదు. విందు పెట్టాలంటే గడ్డలను మొత్తంగా ఉప్పులో కాల్చి, నిలువుగా చీల్చి, లోపల చిలికిన గట్టి పెరుగు పోసి, పైన ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిరప పోపు చిటపటలాడుతుండగా వేసి, కొత్తిమీర జల్లి ఇస్తరాకు మీద పెట్టి చూడండి. వచ్చినవాళ్లు ఎలా చేశారని అడుగుతారు. చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

చక్కెర జబ్బు సంగతి దాటేయకూడదు. "ఆలుగడ్డ వద్దు, గెనుసుగడ్డ మంచిదే" అన్న మాట ఇళ్లలో బాగా తిరుగుతోంది. సగం నిజం. 2011లో జమైకాలో పది రకాల గెనుసుగడ్డల మీద చేసిన పరిశోధనలో, ఉడకబెట్టినవి రక్తంలో చక్కెరను పెంచే సూచీ 41 నుంచి 50 మధ్య ఉంటే, కాల్చినవి 79 నుంచి 94 మధ్య ఉన్నాయి. ఇంతసేపూ నేను మెచ్చుకున్న తీపే ఇక్కడ ఎదురు తిరుగుతోంది. కాబట్టి చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు కాల్చిన గడ్డ మంచిదని నేను చెప్పను. వాళ్లకు ఉడకబెట్టిందే మేలు, అదీ అన్నం, రొట్టె తగ్గించుకుని, పప్పో పెరుగో తోడు పెట్టుకుని, డాక్టర్ చెప్పిన కొలతలో. శివరాత్రికి గుండిగలో ఉడకబెట్టిన మన పెద్దల పద్ధతికి ఈ లెక్క తెలియకపోయినా, ఈ ఒక్క విషయంలో అది గెలుస్తుంది. మిగతావాళ్లకు తొక్కతో సహా ఒక మధ్యరకం గడ్డ భోజనంలో ఏ భయమూ లేని తిండి. పీచు ఉంది, పొటాషియం ఉంది.

రాత్రి నివురులో పెట్టిన నాలుగైదు గడ్డల్లో ఒకటి ఎప్పుడూ అడుగున మిగిలిపోయేది. తెల్లారి పొయ్యి బూడిద ఎత్తేటప్పుడు అవ్వకు దొరికేది. అప్పటికి చల్లబడి, కండ బిగిసి, తీపి ఇంకా లోతుగా ఉండేది. తొక్క గేదె తొట్టిలో వేసి, గడ్డను రాత్రి తోడేసిన పెరుగులో పిసికి, రెండు ఉప్పురాళ్లు వేసి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ గడప మీద కూర్చుని తినేది. పత్తిచేనుకు పోయే ముందు అదే ఆమె నాష్టా.